కరెంటు అయిపోయింది, నీరసం అయిపోలేదు

"కరెంటు అయిపోయిందిగా, ఇంకా పడుకుంటావేమిటి?" రొమ్ము క్యాన్సరుకు రేడియేషన్ ముగించుకున్న సహోదరీలను ఇంటివారు ఇలా అడగడం మేము తరచు వింటున్నాము. ఇది న్యాయం కాదు. చివరి రోజు తరువాత కూడా ఒకటి రెండు వారాలు చర్మం మంట పెరగవచ్చు. నీరసం కొందరికి నెలల తరబడి ఉంటుంది. అది సోమరితనం కాదు. బయటినుండి పెట్టే కరెంటు ఒంట్లో నిలవదు గనుక మనవలను ఆమె ఒడికి దూరం చేయకండి. నీళ్ళ బిందెలు మీరు మోయండి. రోజూ కాసేపు నడవనివ్వండి, భుజం వ్యాయామం మాన్పించకండి. చెయ్యి వాచినా, జ్వరం వచ్చినా, చర్మం చీము పట్టినా వెంటనే తీసుకురండి. ఆమె కొరకు ప్రార్థించే సంఘ కుటుంబాలు ఒక పూట కూర వండి పంపితే, ఆ ప్రార్థనకు చేతులు కూడా వచ్చినట్లేనని మా అభిప్రాయం.