బూడిద గేటు దాటితే బాధ్యత తీరిపోదు

ఎండలు ముదరగానే విద్యుత్ సంస్థల ప్రకటనలు మొదలవుతాయి. నిన్న ఇన్ని మిలియన్ యూనిట్లు సరఫరా చేశాం, నిరుటి రికార్డు దాటేశాం, కోతల్లేవు అని. ఏటా అవే వార్తలు. కరెంటు నిలకడగా రావడం మంచిదే. అందుకోసం మిట్టమధ్యాహ్నం స్తంభాలెక్కే లైన్‌మెన్ల శ్రమకు దండం పెట్టాలి. కానీ ఆ అంకె పక్కన ఉండాల్సిన మరో అంకె ఎక్కడా కనిపించదు. మన దేశపు బొగ్గులో మూడో వంతు, కొన్నిచోట్ల అంతకు మించి బూడిదే. ఒక యూనిట్ కరెంటు కోసం ముప్పావు కిలోకు దగ్గరగా బొగ్గు కాలితే సుమారు పావు కిలో బూడిద మిగులుతుంది. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి కరెంటంతా థర్మల్ కేంద్రం నుంచే వస్తుందనుకుంటే, ఆ ఇంటి పేరున నెలనెలా ఒక సిమెంటు బస్తా బరువు బూడిద ఎక్కడో ఒక ఊరి పక్కన చేరుతోంది. ఇబ్రహీంపట్నం, ఎర్రగుంట్ల, పరవాడ, పాల్వంచ, రామగుండం వాసులకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు.

బూడిదను దాదాపు అంతా వినియోగిస్తున్నాం కదా అన్నది అధికారుల జవాబు. లెక్క ప్రకారం అది నిజమే. 2021-22లో దేశంలోని థర్మల్ కేంద్రాల నుంచి సుమారు 27 కోట్ల టన్నుల బూడిద వస్తే, 95 శాతానికి పైగా వినియోగమైందని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చెప్పింది. 1990ల మధ్యలో అది పదో వంతు కూడా లేదు. ఆ మార్పును తక్కువ చేయను. సిమెంటులో కలిసిన బూడిద, ఇటుకగా మారిన బూడిద నిజంగా మేలు చేస్తాయి, పొలాల పైమట్టిని కాపాడతాయి. అయితే పల్లపు నేలలను పూడ్చడమూ ఈ లెక్కలో వినియోగమే. తవ్వి వదిలేసిన గనుల గోతుల్లో పోయడమూ వినియోగమే. సిమెంటులో గట్టిపడిన బూడిదలోని లోహాలు చాలావరకు అక్కడే బందీ అవుతాయి. అడుగున ఏ రక్షణ పొరా లేని గోతిలో పోసిన బూడిద మీద వాన కురిస్తే ఆర్సెనిక్, సీసం, క్రోమియం, సెలీనియం భూగర్భ జలంలోకి దిగే ప్రమాదముంది. ఈ రెండింటినీ ఒకే శాతంలో కలిపి చెప్పడం జనాన్ని చీకట్లో ఉంచడమే. బూడిద కేంద్రం గేటు దాటిందని మాత్రమే ఆ శాతం చెబుతుంది.

గేటు దాటితే చాలన్న ఈ ధీమా చట్టమే ఇచ్చింది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీసిన పాత నూనెకు రికార్డు ఉండాలి, అది అనుమతి ఉన్నవారికే చేరాలి. అవే నియమాలు బూడిదను 'పరిమాణం ఎక్కువ, ప్రభావం తక్కువ' అంటూ ప్రమాదకర వ్యర్థాల కోవ నుంచి తప్పించాయి. టన్నులో విషం తక్కువే కావచ్చు. కోట్ల టన్నులు ఒక కట్ట వెనక, ఊళ్లకు ఎగువన నిలిస్తే ప్రభావం తక్కువని ఎలా అంటాం? మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలీలో 2019 ఆగస్టు నుంచి 2020 ఏప్రిల్ లోపు మూడు కేంద్రాల బూడిద చెరువుల కట్టలు తెగాయి. చివరిదైన సాసన్ కేంద్రం ప్రమాదంలో ఆరుగురు చనిపోయారు, పిల్లలతో సహా. పొడి బూడిద కథ వేరు. దానికి సిమెంటు కంపెనీల గిరాకీ ఉంది కాబట్టి రవాణా కోసం పోటీ. 2024 నవంబరులో రాయలసీమ థర్మల్ కేంద్రం బూడిద లారీల మీద రాజకీయ వర్గాలే రోడ్డెక్కాయి. బూడిద చెరువులో ఏళ్ల తరబడి పేరుకున్న తడి బూడిద కోసం అలా ఎవరూ కొట్లాడరు. 2021 డిసెంబరు నోటిఫికేషన్ పాత నిల్వలను పదేళ్లలో ఖాళీ చేయమంది, వినియోగించని బూడిదకు టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం విధించింది. అవసరమైన ఆజ్ఞే. కానీ అదీ టన్నుల లెక్కే, బోరు నీళ్ల లెక్క కాదు.

ప్రమాదకరమని ముద్ర వేస్తే బూడిద ఇటుకలు కొనేవాళ్లుండరు, చిన్న ఇటుకల పరిశ్రమలు మూతపడతాయి అన్న అభ్యంతరం బలమైనదే. నేను ఆ ముద్ర అడగడం లేదు. అమెరికాలోని కింగ్‌స్టన్‌లో 2008 డిసెంబరులో ప్రభుత్వ విద్యుత్ సంస్థ టీవీఏ బూడిద కట్ట తెగాక, అక్కడి పర్యావరణ సంస్థ 2015లో నియమాలు తెచ్చింది. వాళ్లూ బూడిదను ప్రమాదకర వ్యర్థం అనలేదు. చెరువు చుట్టూ భూగర్భ జలాన్ని పరీక్షించి ఫలితాలను అందరూ చూసేలా వెబ్‌సైట్లో పెట్టమన్నారు. ఆ ఫలితాలను స్వచ్ఛంద సంస్థలు క్రోడీకరించి చూస్తే, లెక్కకు దొరికిన కేంద్రాల్లో 91 శాతం దగ్గర నీరు కలుషితమైందని 2019లో బయటపడింది. ఇటుకల వ్యాపారానికి అడ్డు రాకుండానే నిజం బయటికొచ్చింది. ఖర్చు పెరిగి కరెంటు చార్జీలు పెరుగుతాయనేవారు, చెరువు చుట్టూ పది బోర్ల నీటి పరీక్షకు ఎంతవుతుందో లెక్కేసి చెప్పాలి.

మన దగ్గర కాగితాలు లేక కాదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం అనుమతి పొందిన ప్రతి ప్రాజెక్టూ ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి, అది ప్రజాపత్రం. కానీ అది ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో ఇవ్వాల్సింది ప్రధానంగా ప్రజాభిప్రాయ సేకరణ నాటి సారాంశం లాంటివే. ఇది బూడిదను మించిన జబ్బు. భూమి ఇచ్చిన రైతుకు, దుమ్ము పీల్చే కూలికి, ఆ నీళ్లు తాగే తల్లికి తమ ఊరి గురించి రాసిన కాగితం తమ భాషలో చదువుకునే హక్కు లేదు. తెలుగు ప్రభుత్వాలు రెండున్నాయి. జెన్‌కోలు ఆ ప్రభుత్వాలవే. ఢిల్లీ అనుమతి అక్కర్లేకుండా రేపే తెలుగులో ఇవ్వవచ్చు.

బూడిద చెరువు పక్క ఊళ్లవారికి నా మనవి ఒకటే. మీ బోరు నీటి పరీక్ష ఫలితాలు ఇవ్వమని జెన్‌కోకు, కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రుసుము పది రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబివ్వడం వాళ్ల బాధ్యత.