కిలోమీటరు పన్ను సరే, రెండు పన్నులు మాత్రం కట్టం



జాతీయ రహదారి మీద తిరిగిన కిలోమీటర్లకే రుసుము అన్న మాట 2024 సెప్టెంబరులో కేంద్ర నిబంధనల్లోకే ఎక్కింది. ఉపగ్రహం లెక్క పెడుతుందట, రోజూ ఒక్కో వైపు మొదటి 20 కిలోమీటర్లు ఉచితమట. బాగుంది. మరి పెట్రోలు, డీజిల్ మీద గుంజే రోడ్డు సెస్సు సంగతేమిటి? 2018 బడ్జెట్‌లో లీటరుకు 8 రూపాయలు పెట్టారు. తర్వాత అంకె మారిందే గాని సెస్సు పోలేదు. దానిమీద తమిళనాడు వ్యాట్, ఆపైన టోలు. ఒకే రోడ్డుకు ఎన్నిసార్లు కట్టాలి?

న్యూజిలాండ్‌లో డీజిల్ బండ్లకు 1978 నుంచే దూరం, బరువు చూసి వసూలు చేస్తున్నారు. అయితే అక్కడ పెట్రోలుకు ఉన్న రోడ్డు పన్ను డీజిల్‌కు లేదు. 2024 ఏప్రిల్ నుంచి కరెంటు కార్లనూ దూరం లెక్కలోకి తెచ్చారు. అదీ పద్ధతి.

పాలక్కోడు టమాటా వేసుకుని బెంగళూరు వెళ్లే చిన్న బండీ, తొప్పూరు కనుమ దిగే పెద్ద ట్రెయిలరూ రోడ్డును ఒకేలా అరగదీస్తాయా? ధర పడిపోయిన రోజు మన రైతుకు బండి కిరాయే గిట్టదు, ఇక కిలోమీటరు రుసుము ఎక్కణ్ణించి తెస్తాడు?

పెట్టండి, కడతాం. ముందు సెస్సు తీసేయండి, బరువు చూసి రేటు వేయండి. ఈ రెండూ రాతలో వచ్చేదాకా మేం ఒప్పుకోం.