సరిహద్దు పరీక్షలు - స్టేషన్లలో చోటు

కర్నూలువారికి సరిహద్దు క్రొత్తమాట కాదు. 1948 వరకును తుంగభద్రకు ఈవలి గట్టున కర్నూలు చెన్నరాష్ట్రములోనిది. ఆవలి గట్టున అలంపురము నైజాము రాజ్యములోనిది. నది దాటించు సరకునకు కరోడ్‌గిరివారికి సుంకము చెల్లింపవలసియుండెను. నేడా సుంకపుటెల్ల లేదు. హైదరాబాదు రైలు అడ్డులేక వంతెన దాటిపోవుచున్నది. కాని దేశములను కలుపు రైళ్ల కీ చిక్కు తీరలేదు. అది యధికారుల సంఖ్యకు సంబంధించిన చిక్కు మాత్రమే కాదు. చోటునకు సంబంధించిన చిక్కు.

2008 ఏప్రిల్‌లో మైత్రీ ఎక్స్‌ప్రెస్ ప్రారంభమైనపుడు, కలకత్తానుండి ఢాకాకు పోవువారు మూటముల్లెలతో గేదె స్టేషనున దిగి మనవారి పరీక్షకును, దర్శనా స్టేషనున మరల దిగి బంగ్లాదేశమువారి పరీక్షకును నిలువవలసివచ్చెను. 2017 నవంబరులో మొదటి పరీక్షను బయలుదేరుచోటికిని, రెండవదానిని చేరుచోటికిని మార్చుటతో త్రోవలోని యీ బాధ తప్పెను. 2024 జూలైలో ఆ రైలు నిలిచిపోయినను, అది నేర్పిన పాఠము నిలిచియున్నది.

చోటు లేనిచో నేమగునో ఆమ్‌స్టర్‌డామ్ తెలుపుచున్నది. అచ్చటి ప్రధాన స్టేషను పునర్నిర్మాణములో పరీక్షలకు తావు చాలక, 2024 జూన్ నుండి 2025 ఫిబ్రవరి వరకు లండనుకు నేరుగా పోవు రైలు నిలిచెను. ప్రయాణికులు బ్రస్సెల్సులో దిగి, పరీక్ష ముగించుకొని, వేరుబండి యెక్కవలసివచ్చెను. సంపన్నదేశములకే యీ యవస్థ!

లెక్క చూడుడు. ఒక్కబండినుండి 450 మంది ఒక్కమారు దిగుదురనుకొందము. మనిషికి రెండు నిమిషముల చొప్పున నాలుగు బల్లలవద్ద పరీక్షించినచో, కడపటివాని వంతు వచ్చుటకు మూడుగంటలు దాటును. పది బల్లలున్నచో గంటన్నరలో ముగియును. కాని పది బల్లలకు తగిన శాల కావలెను. పరీక్షయైనవారితో కానివారు కలియరాదు గనుక ప్లాట్‌ఫారమునకు కంచె కావలెను. సామాను తనిఖీకి వేరుగది కావలెను. కూర్చుండుటకు బల్లలు, త్రాగునీరు, మరుగుదొడ్లు ఉండితీరవలెను.

వారమునకు రెండుమూడుసారులు వచ్చు బండికై ఇంత చోటు కేటాయించుట వృథాయని కొంద రనవచ్చును. స్థానిక ప్రయాణికుల యిరుకును మేము తక్కువగా నెంచుట లేదు. కంచె తొలగింపదగినదైనచో మిగిలిన దినముల నా చోటు వారికే యుపయోగపడును.

కడప, రాయచోటి ప్రాంతములనుండి పొట్టకూటికై కువైటునకు పోవు మనవారికి, చేత పాస్‌పోర్టు పట్టుకొని గంటలకొలది వరుసలో నిలుచుట యెట్టిదో తెలియును. ఎల్లను కాపాడుట ప్రభుత్వధర్మము. ఎల్ల దాటు బీదవాని గౌరవమును కాపాడుటయు నా ధర్మములోనిదే. త్రిపురలో అగర్తల-అఖౌరా మార్గమును 2023 నవంబరులో ప్రారంభించునాటికే నిశ్చింతపురమున పరీక్షలకు స్టేషను నిర్మించిరి. ఇదియే సరియైన క్రమము. ముందు చోటు, పిమ్మట రైలు. రైల్వే అధికారులు ఇకమీదట నన్నిచోట్ల నీ క్రమమునే పాటింతురుగాక!