సంగీత ప్రసంగము: మీటులో పొదుపు



గత మాసమున వీణను శ్రుతిచేయు క్రమమును గూర్చి ముచ్చటించితిని. అది చదివి యొక సోదరి యిట్లు వ్రాసినది: "నాకు ముప్పదియైదేండ్లు. చిన్ననాడు నేర్చి విడిచిన వీణను మరల చేపట్టి ఆఱు నెలలైనది. మొదటి కాలము హాయిగా నున్నది. మూడవ కాలమునకు వచ్చునప్పటికి కుడి మణికట్టు పట్టుకొనిపోవుచున్నది. ఇంటిపనులకు ఆ చేయియే కావలెను గదా! వీణకు గవుసెన తొడిగి అటక యెక్కింపుమందురా?"

అక్కఱలేదమ్మా. పెక్కుమంది విషయమున లోపము చేతి బలములో లేదు, మీటులో నున్నది. ఒక్క లెక్క చూడుడు. ఆదితాళమున సరళీస్వరములను మూడవ కాలమున వాయించునపుడు ఒక ఆవర్తమునకు 32 మీటులు పడును. మీటిన వ్రేలు తంతిని విడిచి ఒక అంగుళము దూరము పోయి మరల వచ్చెననుకొందము. ఆవర్తమునకు 64 అంగుళముల నడక యైనది. ఆ వ్రేలే పావు అంగుళములో మసలినచో నడక 16 అంగుళములతో తీఱును. నాదము రెండింటను ఒక్కటియే. తక్కిన 48 అంగుళములును ఎవరికిని వినబడని శ్రమ. కూరగాయల తొక్కతోపాటు కండను గూడ చెక్కి పాఱవేయుటను సహింపని మనము దీనినేల సహింపవలెను?

కావున ముంజేతిని వీణకుండ అంచున ఆనించి, మణికట్టును వదులుగా నుంచుడు. చూపుడువ్రేలును నడిమివ్రేలును ఒకదాని వెనుక నొకటి క్రిందికి మీటవలెను. ఒకటి మీటుచుండగా రెండవది తంతిచెంతనే సిద్ధముగా నుండవలెను, ఆకాశమున వ్రేలాడరాదు. చిటికెనవ్రేలు ప్రక్కనున్న మూడు తాళతంతులను పైకి మీటును. ఆ మీటు పడునపుడు చేయి యంతయు కదలినచో, తాళమువేళ కెల్ల మణికట్టునకు దెబ్బయే. గుఱ్ఱమునకు మిక్కిలి చేరువగా మీటినచో తంతి బిగువుగా తగిలి నాదము కఱకుగా వచ్చును. కొంచెము మెట్ల దిక్కునకు జరిగినచో తంతి మెత్తగా లొంగును.

ఇది యలవడుటకు నాకు తెలిసిన ఉపాయమొకటి. పిల్లలు నిద్రించిన పిదప, వారు మేల్కొననంత మెల్లగా పది నిమిషములు సరళులు వాయింపుడు. అంత మెల్లగా వాయించునపుడు వ్రేలు దూరము పోనేపోదు. వారము రోజులైన తరువాత ఆ చిన్న కదలికను విడువకయే కొంచెము గట్టిగా వాయింపవచ్చును. గట్టిదనము వ్రేలిని పైకెత్తుటవలన రాదు, తంతిని లోతుగా పట్టుటవలన వచ్చును. మెల్లని మీటనగా అల్పమని తలపవలదు. వీణ ధనమ్మాళ్ (1867–1938) నఖి లేకయే వట్టి వ్రేళ్ళతో మీటెడివారు. చెన్నపట్టణమున వారి యింట శుక్రవారపు సాయంకాలములందు జరుగు కచేరీలకు వచ్చినవారు ఆ సన్నని నాదమునకై ఊపిరి బిగబట్టి కూర్చుండెడివారు.

పొదుపులో రెండవ యంశము మఱింత ముఖ్యమైనది. అది మీటుల సంఖ్య. కొందఱు పిల్లలు ప్రతి స్వరమునకు నొక మీటు కొట్టి, కృతిని ఱాళ్ళవానవలె వినిపింతురు. దసరా బొమ్మలకొలువునాటికి పిల్లచేత ఏదో యొక కృతి వాయింపింపవలెనను పెద్దల తొందర దీనికి కారణమని నా యభిప్రాయము. వీణకు 24 మెట్లున్నను, ఒక్క మెట్టుమీదనే ఎడమచేతితో తంతిని ప్రక్కకు లాగి పై స్వరములను పలికింపవచ్చును. అట్టి గమకమునకు మొదట పడిన మీటు ఒక్కటి చాలును. సాహిత్యమున అక్షరమున్న చోట మీటి, ఆ యక్షరము సాగినంతసేపు ఎడమచేతికి పని యిచ్చినచో పాట పాటవలె వినబడును, కుడిచేయియు విశ్రమించును. ఈమని శంకరశాస్త్రిగారి (1922–1987) వాదనమును, వారి శిష్యులగు చిట్టిబాబుగారి (1936–1996) వాదనమును ధ్వనిముద్రికలలో వినునపుడు, తెలిసిన కృతి నొకదానిని తీసికొని పల్లవిలో ఎన్ని మీటులు పడినవో లెక్కింపుడు. జంటస్వరములలో సయితము రెండవ స్వరమునకు వచ్చు ఊనిక ఎడమచేతిదే. దానికై కుడిచేతితో బాదనక్కఱలేదు.

మీ యిండ్లలో గిటారు నేర్చుకొను పిల్లలు కలరేమో. వారికిని ఈ చింత కలదు. వారు చిన్న బిళ్ళను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పట్టి, ఒకమాఱు క్రిందికిని ఒకమాఱు పైకిని మీటుదురు. ఒక తంతినుండి ప్రక్క తంతికి పోవునపుడు, బిళ్ళ యే దిక్కునకు సాగుచున్నదో ఆ దిక్కుననే పోనిచ్చి రెండవ తంతిని గూడ మీటినచో, వెనుకకు మరలు కదలిక మిగులును. దీనికి ఎకానమీ పికింగ్ అని పేరు. అయితే దిక్కు మాఱునపుడు లయ తడబడకుండ వారు మెల్లని కాలమున చాల దినములు సాధన చేయవలసియుండును.

వ్రాసిన సోదరికి ఇంకొక మాట. నొప్పి వచ్చిన క్షణమున వీణ దింపి వేయుడు. ఓర్చుకొని వాయించుట సాధన కాదు. వ్రేళ్ళు తిమ్మిరెక్కినను, నొప్పి మఱునాటికిని నిలిచినను వైద్యునికి చూపవలెను. అది తీఱువఱకు మూడవ కాలము జోలికి పోవలదు. రెండవ కాలముననే మీటుల నడక సరిచేసికొనుడు.

నఖి తొడుగుకొనుట మంచిదా, గోరు పెంచుకొనుట మంచిదా యని ఇద్దఱు ముగ్గురు అడిగిరి. దానిని గూర్చి వచ్చు మాసమున వ్రాసెదను.