వెలుగు పక్కనుంచి రావాలి

కొత్తగా కెమెరా పట్టిన మిత్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "మాస్టారూ, ఎన్ని మెగాపిక్సెళ్ళది కొనమంటారు?" ముప్పయ్యేళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పాను. ఏ కలంతో రాస్తే పద్యం బాగా వస్తుందని అడిగిన పిల్లవాడు నాకు ఒక్కడూ తారసపడలేదు. కెమెరా దగ్గరకు వచ్చేసరికి మాత్రం లోకజ్ఞానం ఉన్న పెద్దలు సైతం పనిముట్టుతోనే మొదలుపెడతారు. ఛాయాచిత్రాల మీద అభిరుచి గలవారు ఒకరికొకరు చెప్పుకునే చిట్కాలన్నీ ఈ వరుసలోనే సాగుతాయి. ముందు కెమెరా, తరువాత కటకం, ఆ తరువాత సాఫ్ట్‌వేరు, ఓపిక మిగిలితే చిట్టచివర వెలుతురు. ఈ వరుసను తిరగవేయాలన్నదే నా వాదం. ఇది పుస్తకాల్లో చదివి తేల్చిన సంగతి కాదు. నేను చేసిన ఒక తప్పు నేర్పిన పాఠం. ముందు ఆ తప్పు చెప్పుకుంటాను.

2007 సంక్రాంతి సెలవుల్లో కృష్ణాతీరాన ఉన్న ఒక చిన్న ఊరి శివాలయానికి వెళ్ళాను. మండపంలో నల్లరాతి స్తంభం మీద తెలుగు శాసనం ఉంది. లిపి తీరు చూస్తే కాకతీయుల కాలం నాటిదేమో అనిపించింది. చేతిలో మా అబ్బాయి కొనిచ్చిన కొత్త డిజిటల్ కెమెరా, మనసులో కావలసినంత ఉత్సాహం. మిట్టమధ్యాహ్నమైనా మండపం లోపల మసక చీకటి. మీట నొక్కగానే ఫ్లాష్ దానంతట అదే వెలిగింది. పదకొండు బొమ్మలు తీశాను. కెమెరా వెనకనున్న బుల్లితెర మీద అన్నీ దివ్యంగా కనిపించాయి. ఇంటికి వచ్చి కంప్యూటరులో పెద్దవి చేసి చూద్దును గదా, రాయి ఉంది, అక్షరాలు లేవు! నడుమ ఒక తెల్లని మెరుపు, చుట్టూ చదునైన బూడిద రంగు. పైన 'స్వస్తిశ్రీ', కింద అక్కడక్కడ నాలుగు అక్షరాలు తప్ప మరేమీ చదవడానికి రాలేదు.

వచ్చే నెలలో వెళ్ళి మళ్ళీ తీద్దాం అనుకుంటూనే ఏడాదిన్నర గడిపేశాను. తీరా వెళ్ళేసరికి ఆలయానికి జీర్ణోద్ధరణ పూర్తయింది. స్తంభాలన్నీ ఎనామిల్ రంగుతో నిగనిగలాడుతున్నాయి. "పాత గీతలన్నీ పూడ్పించి నున్నగా చేయించామండీ" అని ఊరి పెద్దాయన ఒకరు ఎంతో సంతోషంగా చెప్పారు. ఆయన భక్తిని నేను శంకించలేను. రంగు వేయించినవారిది ఎంత తప్పో, చేతిలో కెమెరా ఉండి కూడా చదవదగిన బొమ్మ ఒక్కటైనా తీసుకోలేని నాదీ అంత తప్పే.

జరిగిన పొరపాటు ఏమిటో చాలాకాలానికి గాని తెలియలేదు. ఉలితో చెక్కిన అక్షరానికి వేరే రంగు ఉండదు. రాయి ఏ రంగో అక్షరమూ అదే రంగు. మన కన్ను చదివేది ఆ గుంటలో పడే నీడను. కెమెరాలోని ఫ్లాష్ కటకానికి అంగుళం రెండంగుళాల దూరంలోనే ఉంటుంది. అక్కడినుంచి సూటిగా వెళ్ళిన వెలుగు గుంటనూ గట్టునూ ఒకే తీరుగా నింపివేస్తుంది. నీడ పడదు, నీడ లేనప్పుడు అక్షరమూ లేదు. అదే వెలుగు పక్కనుంచి, రాతిని ఒరుసుకుంటూ వచ్చిందనుకోండి. గుంటకు ఒక అంచు వెలుగుతుంది, రెండో అంచు చీకటిలో పడుతుంది. కంటికి ఆనని గీత సైతం లేచి నిలబడుతుంది.

కాబట్టి మొదటి చిట్కా ఇది: ఫ్లాష్‌ను ఆపివేయండి. ఆరుబయటి రాయి అయితే, పొద్దు పొడిచిన గంటకో, పొద్దు వాలే ముందు గంటలోనో ఎండ దాని మీదుగా ఏటవాలుగా పాకే వేళ చూసి వెళ్ళండి. చీకటి మండపమైతే ఒక టార్చిలైటు చాలు. దాన్ని మీరు పట్టుకోవద్దు. తోడు వచ్చినవారిని స్తంభం పక్కగా నిలబెట్టి, కాంతి రాతి ముఖాన్ని రాసుకుంటూ పోయేలా పట్టుకోమనండి. ఒకసారి ఎడమనుంచి, ఒకసారి కుడినుంచి, ఒకసారి పైనుంచి వెలుగు వేయించి మూడు బొమ్మలూ తీయండి. వెలుగు ఏ దిక్కుగా ప్రసరిస్తుందో ఆ దిక్కుగా సాగే గీతకు నీడ సరిగా పడదు. పక్కనుంచి వేస్తే నిలువు గీతలు తేలి, అడ్డగీతలు మునుగుతాయి. పైనుంచి వేస్తే అడ్డగీతలు తేలతాయి. పకారానికీ వకారానికీ ఉన్న భేదమంతా పైన ఒక చిన్న కలయిక. అది కనబడకపోతే ఊరిపేరే మారిపోవచ్చు.

"ఇంత శ్రమ ఎందుకు, కంప్యూటరులో సరిచేసుకోవచ్చు గదా" అనే మిత్రులున్నారు. సాఫ్ట్‌వేరు ఉన్న తేడాను పెంచగలదు గాని లేని తేడాను పుట్టించలేదు. సున్నను ఎంతతో హెచ్చవేసినా సున్నే. నా పదకొండు బొమ్మల మీద ఎన్ని రాత్రులు ఈ ప్రయోగం చేశానో మా ఇంట్లోవాళ్ళకు తెలుసు.

రెండోది నిలకడ. చేత్తో పట్టి తీసేటప్పుడు షట్టరు వేగానికి ఒక పాత లెక్క ఉంది. కటకం నాభ్యంతరం 50 మిల్లీమీటర్లయితే సెకనులో 50వ వంతుకు తగ్గకూడదు, 200 అయితే 200వ వంతుకు తగ్గకూడదు. ఇది 35 మిల్లీమీటర్ల ఫిల్ము కొలతకు చెప్పిన సూత్రం. చిన్న కెమెరాల్లో దానికి సమానమైన అంకె చూసుకోవాలి. మండపంలో అంత వెలుతురు దొరకదు. అప్పుడు ముక్కాలిపీట, అదీ లేకపోతే ఇటుక మీద మడతపెట్టిన తువ్వాలు. మీట నొక్కడం వల్ల కూడా కెమెరా కదులుతుంది గనుక రెండు సెకన్ల టైమరు పెట్టి చెయ్యి తీసేయండి. కెమెరా కదలనప్పుడు ఐఎస్ఓను 100 దగ్గరో 200 దగ్గరో ఉంచుకోవచ్చు. అంకె పెరిగేకొద్దీ బొమ్మలో ఇసుక చల్లినట్టు రవ్వ తేలుతుంది, సన్నని గీతలు అందులో కలిసిపోతాయి.

మూడోది తెలుపు నలుపుల సంగతి. కెమెరాలోని కాంతిమాపకానికి లోకమంతా నడిమి బూడిద రంగే. సున్నం కొట్టిన గోడముందు తెల్లపంచె కట్టుకున్న తాతగారిని తీస్తే గోడా పంచే మాసినట్టు వస్తాయి. నల్లరాతి నందిని తీస్తే విభూతి పూసినట్టు వెలవెలబోతుంది. అది యంత్రదోషం కాదు, దానికి మనం చెప్పకపోవడం. కెమెరాలో ఎక్కువ తక్కువల గుర్తు ఒకటి ఉంటుంది. తెలుపుకు కూడిక, నలుపుకు తీసివేత. ఒక మెట్టుతో మొదలుపెట్టి, తెర చూసుకుంటూ సవరించుకోవాలి.

అడిగినవారి మీద గౌరవం కొద్దీ ఇక మెగాపిక్సెళ్ళ మాట. 1975లో కొడాక్ సంస్థలో డిజిటల్ కెమెరాను తయారుచేసిన ఇంజనీరు పేరు స్టీవెన్ సాసన్. ఇంటిపేరులో ఇంచుమించు 'శాసనం' ఉన్నందుకు నాకు ముచ్చట వేసింది. ఆ కెమెరా బొమ్మలో ఉన్నవి 10,000 బిందువులు, అంటే మెగాపిక్సెలులో నూరోవంతు. ఒక బొమ్మను క్యాసెట్టులో దాచుకోవడానికి దానికి 23 సెకన్లు పట్టేది. మన అవసరం లెక్కిద్దాం. అంగుళానికి 300 బిందువుల చొప్పున 6 అంగుళాలకు 4 అంగుళాల ముద్రణకు 1800ను 1200తో హెచ్చవేస్తే 21,60,000 బిందువులు. 12కు 8 అంగుళాలైతే 86,40,000. రెండు నుంచి తొమ్మిది మెగాపిక్సెళ్ళలో ఇంటి పనులన్నీ తీరిపోతాయన్నమాట. పెద్ద శాసనానికి ఇంకా కావాలంటే అంచులు కొంత కలిసేలా ముక్కలు ముక్కలుగా తీయండి. డిజిటల్ జూమ్ జోలికి మాత్రం పోవద్దు. అది బొమ్మ మధ్యభాగాన్ని కత్తిరించి సాగదీయడమే. దానికంటే నాలుగడుగులు ముందుకు నడవడం మేలు.

ఒక నిషేధం కూడా చెప్పాలి. అక్షరాలు తేలాలని సుద్ద రుద్దడం, పిండి అద్దడం, నూనె పూయడం కొందరికి అలవాటు. దయచేసి అలా చేయకండి. నూనె రాతిలోకి ఇంకుతుంది, సుద్ద మన ఊహను రాతి మీద రాస్తుంది. రాతిని తాకకుండా పని జరిపించేది వెలుగే. ఆలయంవారి అనుమతి అడిగి తీయడం మర్యాద. పక్కన ఒక స్కేలు నిలబెడితే కొలత కూడా నమోదవుతుంది.

ఇప్పుడు కెమెరా లేనివారి జేబులోనూ ఫోను ఉంది. దాని ఫ్లాష్ కూడా కటకం పక్కనే గనుక నా పాత తప్పు ఇంకా సులువుగా జరుగుతుంది. ఇద్దరు కలిసి వెళితే చాలు, ఒకరి ఫోను కన్ను, ఇంకొకరి ఫోను దీపం. తీసిన బొమ్మలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అవి కుంచించుకుపోతాయి, తీసిన తేదీ వివరాలూ రాలిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే బొమ్మ చెడదు. ఫైలు పేరు అంకెల్లో వదలకుండా ఊరు, స్తంభం, ముఖం, వెలుగు వచ్చిన దిక్కు రాసుకోండి. రెండు ప్రతులు ఉంచండి, అందులో ఒకటి మీ ఇంట్లో కాకుండా.

మన భాష వయస్సు మనకు తెలిసింది రాళ్ళ వల్లనే. కడప జిల్లా కలమళ్ళ శాసనం, సుమారు 575 నాటిది, అలా నిలిచి ఉండబట్టే తెలుగు ఎంత పాతదో ధైర్యంగా చెప్పుకోగలుగుతున్నాం. పండితులు మసి అద్ది కాగితం మీద అచ్చు తీసుకున్న శాసనాలు కొన్ని వేలు. ఎవరి కంటా పడనివి ఊళ్ళల్లో ఇంకా ఉన్నాయి. సెలవులకు సొంత ఊరు వెళ్ళినప్పుడు గోపురం ముందు నిలబడి పదిమందీ తీసే బొమ్మను పదకొండోసారి తీయకండి. మండపంలోకి వెళ్ళి స్తంభాలను తడిమి చూడండి. రంగుడబ్బాలు రేపే రావచ్చు.

నా పదకొండు బొమ్మలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. రెండో పంక్తిలో 'చెఱువు' అన్న మాట ఉందని నా అనుమానం. ఎవరు తవ్వించారో, ఎవరి పుణ్యం కోసమో ఆ పక్కనే రాసి ఉండాలి. సరిగ్గా అక్కడే ఫ్లాష్ మెరిసింది.