అడవి తల్లి సరే, ఆ అడవి పేరేంది?



మన పిల్లలు కవితలు రాస్తున్నారు. ఫోన్లో టైపు చేసి స్టేటస్‌లు పెడుతున్నారు, మీటింగుల్లో మైకు పట్టుకుని చదువుతున్నారు. చదువుకున్న మొదటి తరం కలం పట్టడం మామూలు సంగతి కాదు. సంతోషమే. కానీ వరసబెట్టి చదువుతా ఉంటే ఒకటి మనసుకు గుచ్చుకుంటోంది. పచ్చచీర కట్టిన అడవి, గజ్జెలు కట్టిన సెలయేరు, పురివిప్పిన నెమలి, చివర్లో ఒక గొడ్డలి, ఒక కన్నీటి చుక్క. సదుం నుంచి రాసినా అదే కవిత, సీలేరు నుంచి రాసినా అదే కవిత.

అందుకే ఈసారి కొంచెం మొరటుగానే అడుగుతున్నాం. అడవి తల్లి సరే, ఆ అడవి పేరేంది?

సదుం కొండల కింద బతికేవాళ్ళు ఇంట్లో ఎవరైనా 'సెలయేరు' అంటారా? వంక అంటారు. బండ మీద వాననీళ్ళు నిలిచే గుంట దొన. వంక ఎండిపోయినాక ఇసుకలో చేత్తో తవ్వితే ఊరే నీళ్ళు చెలమ. కొండల నడుమ దారి కనుమ. కొండల సందున లోతట్టు చోటు కోన. ఇవి ఉత్త మాటలు కావు. ఏ దొనలో ఏ నెల దాకా నీళ్ళుంటాయో తెలిస్తేనే మేకలు బతుకుతాయి. కుప్పం వైపు కైగల్ జలపాతాన్ని అక్కడివాళ్ళు దుముకురాళ్ళు అంటారు. ఆ పేరు పెట్టిందెవరో మనకు తెలీదు గానీ, ఆ మనిషి మాత్రం కవే. ఒక్క మాటలో నీళ్ళూ రాళ్ళూ రెండూ కళ్ళ ముందుకొస్తాయి.

అట్లాంటి మాటలు నోట్లో పెట్టుకుని మనం పుస్తకాల సెలయేరును అరువు తెచ్చుకుంటున్నాం.

పేరు పోతే ఏం పోతుందో చూడాలంటే మదనపల్లె దాటి పోతే చాలు. హార్స్‌లీ హిల్స్ అందరికీ తెలుసు. చల్లగా ఉంటుంది, గెస్ట్‌హౌసులుంటాయి. బ్రిటిష్ కాలంలో, మదనపల్లె కడప జిల్లాలో ఉన్న రోజుల్లో, హార్స్‌లీ అనే కలెక్టరు ఎండాకాలం ఉండటానికి అక్కడ బంగళా కట్టించుకున్నాడు. కొండకు ఆయన పేరు పడింది. అంతకు ముందు దానికి పేరు లేదా? ఉంది. ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే పిల్ల ఆ కొండ మీద ఉండేదని, అక్కడి చెంచులకు జబ్బు చేస్తే వైద్యం చేసేదని, ఒకరోజు కనబడకుండా పోయిందని కథ. ఇప్పటికీ ఆమెకు అక్కడ పూజ జరుగుతోంది.

రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక పేరులో ఏనుగు ఉంది, ఆడపిల్ల ఉంది, మూలికల వైద్యం ఉంది, ఆ కొండ మీద బతికిన ఆదివాసులు ఉన్నారు. రెండో పేరులో ఎండకు తట్టుకోలేని ఒక ఆఫీసరు ఉన్నాడు. బోర్డుల మీద నిలిచింది రెండోదే.

ఇంకో సంగతి. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు కుప్పం, పలమనేరు వైపు దిగాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం వచ్చింది. ఏనుగులు ఈ నేలకు కొత్త అన్నట్టే అప్పటి నుంచీ మాట్లాడుతున్నారు. కానీ ఒక కొండ పేరులో ఏనుగు అంతకు ఎంతో ముందు నుంచే ఉంది కదా! పేరు ఒక్కటే చరిత్రకు రుజువు కాదు, ఒప్పుకుంటాం. కానీ అది ఒక ప్రశ్న వేస్తుంది. పేరును పోగొట్టుకుంటే ఆ ప్రశ్న వేసే నోరు కూడా పోతుంది.

పేర్లు పాటలోకి ఎక్కితే ఏమవుతుందో మదనపల్లెకు వేరే చెప్పక్కర్లేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఆ ఊళ్ళోనే, బెసెంట్ థియొసాఫికల్ కాలేజీలో. ఆ పాటలో ఏముంది? ప్రాంతాల పేర్లు, కొండల పేర్లు, నదుల పేర్లు. పేర్లు పిలిచి ఈ నేల మాది అని చెప్పడమే కదా అది. దేశానికి పనికొచ్చిన పద్ధతి మన కోనకు పనికిరాదా?

మన గురించి రాతలు లేవని కాదు. ఉన్నాయి. కానీ రాసింది మనం కాదు. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల వాళ్ళ పేర్లు పోలీసు రిజిస్టర్లకెక్కాయి. మనిషి ఊరు దాటితే రాత, రాత్రి ఇంట్లో లేకపోతే రాత. ఆ చట్టం 1952లో రద్దయింది. అన్నేళ్ళు రాశారే, ఈత బరికె ఎప్పుడు కోస్తే విరగకుండా వంగుతుందో ఆ రిజిస్టర్లలో ఎవరైనా రాశారా? సుగాలీల బండ్లు ఏ కనుమ దాటి వచ్చాయో రాశారా? యానాదులకు తెలిసిన మూలికల సంగతి రాశారా? అది మనమే రాయాల.

ఇక అసలు విషయానికొద్దాం. మన వైపు ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు. 1/70 చట్టం ఇక్కడ వర్తించదు, పెసా వర్తించదు. ఏజెన్సీ అన్నల దగ్గరున్న ఆ కొద్దిపాటి గోడ కూడా మనకు లేదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టానికి ఆ షరతు లేదు. అడవి మీద బతికే గిరిజనులు షెడ్యూల్డ్ ప్రాంతానికి బయట ఉన్నా అది వర్తిస్తుంది. ఆ చట్టం నిబంధనల్లో 13వది ఒకసారి చదవండి. హక్కుకు ఆధారాలుగా ఏమేం చూపొచ్చో అందులో ఉంది. ప్రభుత్వ కాగితాలు ఒక్కటే కాదు. దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పిన మాట, రాతలో పెడితే ఆధారమే. పశువులు మేసే బీళ్ళు, గడ్డలు తవ్వుకునే చోట్లు, అడవి పండ్లు ఏరుకునే చోట్లు, నీటి తావులు, పవిత్రంగా చూసుకునే చెట్లు, వనాలు, మనవాళ్ళను పూడ్చిన చోట్లు అన్నీ ఆధారాలే. ఇట్లాంటివి ఒకటికి మించి చూడాలని కూడా ఉంది. శాటిలైట్ ఫొటో వీటికి తోడు రావొచ్చు గానీ వీటికి బదులు కాదని 2012 సవరణ చెబుతోంది.

ఇప్పుడు చెప్పండి. మీ అవ్వ ఏ వంక పక్కన కలేకాయలు కోసిందో, ఏ చింతచెట్టు కింద మీ తాత పంచాయితీ జరిగిందో రాసిన రచనకూ, 'ఓ అడవీ' అని మొదలయ్యే రచనకూ తేడా ఎంత?

కెనడాలో గిట్‌క్సాన్, వెట్సువెటెన్ అనే ఆదివాసులు 1980ల్లో తమ నేల కోసం కోర్టుకెక్కారు. పట్టాలు లేవు. వంశాల గాథలు చెప్పారు, పాటలనే సాక్ష్యంగా తెచ్చారు. ఒక పెద్దావిడ కోర్టులో పాట పాడబోతే, తనకు పాట వినే చెవి లేదన్నాడు జడ్జి. 1991లో ఆ కేసు ఓడిపోయారు. వదల్లేదు. 1997లో ఆ దేశ సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టింది. నోటి చరిత్రకు కూడా తగిన విలువ ఇవ్వాలని చెప్పి, మళ్ళీ విచారించమంది. డెల్గముక్ కేసు అంటారు దాన్ని. ఆ అవ్వ ఆరోజు సిగ్గుపడి పాట ఆపేసుంటే?

దీన్ని తప్పుగా అర్థం చేసుకోవద్దు. కవిత రాస్తే పట్టా రాదు. పెద్దల మాటను వాంగ్మూలంగా రాయించాల, గ్రామసభలో పెట్టాల, తీర్మానం చేయించాల. ఆ పని వేరు, కవిత పని వేరు. కవిత్వాన్ని అర్జీగా మార్చమని మేం చెప్పడంలేదు. కానీ పేర్లు వెతుక్కుంటా అవ్వ వెంట నడిచిన పిల్లోడికి రెండూ దొరుకుతాయి. కవితా దొరుకుతుంది, గ్రామసభలో నిలబడి మాట్లాడే ధైర్యమూ దొరుకుతుంది.

కొన్ని రాయకూడనివి కూడా ఉన్నాయి. తేనె తుట్టెల చోటు, అరుదైన మూలికల చోటు, ఎర్రచందనం ఉన్న చోటు, దేవత గుట్టు. ఇవి ఊరి సొత్తు. పెద్దల్ని అడక్కుండా ఫేస్‌బుక్కులో పెడితే మన కవితే దొంగకు దారి చూపిస్తుంది. ఏది చెప్పాలో ఏది దాచాలో తెలియడం కూడా మన తెలివిలో భాగమే.

అడవిని రాస్తూ మనుషుల్ని వదిలేయొద్దు. శేషాచలం అందం మీద, జలపాతాల మీద, దేవుడి మీద ఎన్ని పాటలో! 2015 ఏప్రిల్ 7న అదే శేషాచలంలో 20 మంది కూలీలను పోలీసులు కాల్చి చంపారు. వాళ్ళలో తమిళనాడు కొండల ఆదివాసులూ ఉన్నారు. వాళ్ళకు చోటులేని కవితలో ఎర్రచందనం ఎంత ఎర్రగా ఉంటే ఏం? అట్లే ఏనుగు మీద రాసేటప్పుడు రాత్రంతా టపాసులు పట్టుకుని టమాటా తోట కాడ మేలుకున్న మనిషినీ రాయండి. దారి మూసుకుపోయిన ఏనుగునూ రాయండి. ఒకరిని రాక్షసుణ్ణి చేస్తే కవిత సులభమవుతుంది, నిజం మాత్రం మిగలదు.

మా యాస బాగుండదు, మా భాష ఎవరికి అర్థమవుతుంది అని వెనకాడుతున్నారా? చిత్తూరు జిల్లా పల్లె మాటను నామిని సుబ్రహ్మణ్యం నాయుడు మిట్టూరోడి కథలుగా రాస్తే తెలుగు దేశమంతా చదివింది. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన రమేశ్ కార్తీక్ నాయక్ గోర్ బంజారా బతుకును కథలుగా రాశాడు. ఆ పుస్తకం 'ఢావ్లో'కు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. గోర్‌బోలీ మాట తెలుగు లిపిలో నిలబడగలిగితే ఎరుకల భాష మాట నిలబడలేదా?

కాబట్టి ఈ సెలవుల్లో ఒక పని చేయండి. ఒక నోటుబుక్కు కొనుక్కోండి. అవ్వతోనో తాతతోనో ఒక పూట నడవండి. కనబడిన ప్రతి గుట్ట పేరు, వంక పేరు, బండ పేరు, చెట్టు పేరు అడగండి. ఆ పేరు ఎందుకొచ్చిందో అడగండి. వాళ్ళు చెప్పిన మాటను వాళ్ళు పలికినట్టే రాసుకోండి, సరిదిద్దొద్దు. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో కింద రాయండి. ఇంటికొచ్చినాక ఆ పేర్లలో ఏది మిమ్మల్ని నిద్రపోనీయదో, దాని మీద కవిత రాయండి.

అవ్వలు ఎప్పుడూ ఉండరు. ఒక అవ్వ పోయిన రోజు ఎన్ని కోనలకు పేర్లు పోతాయో లెక్కపెట్టే ఆఫీసు ఎక్కడా లేదు. ఆ లెక్క మనమే రాయాల.

మల్లమ్మ కొండను మల్లమ్మ కొండ అనే పిలుద్దాం. అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

జోహార్.