అరటి నారకు టెండర్లో చోటివ్వాలి

యాదాద్రి భువనగిరి జిల్లా ముల్కలపల్లి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల విద్యార్థినులు కొన్నేళ్ల కిందట గుర్రపుడెక్కతో నెలసరి ప్యాడ్లు తయారుచేశారు. చెరువులను కమ్మేసే ఆ పిచ్చిమొక్కకు మెంతులు, పసుపు, వేప, సబ్జా గింజలు జోడించి, 'స్త్రీ రక్ష' అని పేరు పెట్టారు. బడిపిల్లలకు తట్టిన ఈ ఆలోచన ప్రభుత్వ కొనుగోళ్ల దాకా ఎందుకు చేరదు?

మార్కెట్లో దొరికే మామూలు ప్యాడ్‌ను విప్పి చూస్తే పైపొర పాలీప్రొపిలీన్, అడుగుపొర పాలిథిన్. నడుమ చెక్క గుజ్జు, దానితోపాటు తడిని పీల్చి జెల్‌గా మారే సోడియం పాలీఅక్రిలేట్. గుజ్జు కుళ్లిపోతుంది. ప్లాస్టిక్ పొరలు తరాల తరబడి అలాగే పడి ఉంటాయి.

అలాగని ప్యాడ్ వాడే అమ్మాయిని తప్పుపట్టడం అన్యాయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 15 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో పరిశుభ్రమైన నెలసరి పద్ధతులు పాటించేవారు 2015-16లో 57.6 శాతం. 2019-21 నాటికి ఆ సంఖ్య 77 శాతం దాటింది. ఎంతో పోరాడి సాధించుకున్న మార్పు ఇది, ఒక్క అడుగూ వెనక్కి పోకూడదు. అందులో ప్లాస్టిక్ పెట్టింది తయారీదారు, వాడుకునే అమ్మాయి కాదు.

ప్రత్యామ్నాయం మన తోటల్లోనే ఉంది. అరటి చెట్టు ఒక్కసారే గెల వేస్తుంది. గోదావరి లంకల్లోనైనా, కడప, అనంతపురం తోటల్లోనైనా గెల కోశాక బోదె నరికి పక్కన పడేయాల్సిందే, ఆ కూలి ఖర్చు కూడా రైతు మీదే. ఆ బోదెలోని నారతోనే అహ్మదాబాద్‌కు చెందిన 'సాథీ' సంస్థ ప్యాడ్లు చేస్తోంది. రువాండాలో 'షీ' సంస్థ అరటి నారతో ఇదే పని మొదలుపెట్టి చాలాకాలమైంది. నార తీయగానే పని అయిపోదు. అది బిరుసుగా ఉంటుంది, నీటిని అంత తేలిగ్గా పీల్చదు. లిగ్నిన్ పోయేలా శుద్ధి చేసి, కడిగి, ఆరబెట్టి, దూదిలా పొంగేదాకా విడదీయాలి. అసలు కష్టమంతా ఇక్కడే. 2023లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు మన పొలం గట్ల మీద కనిపించే కిత్తనార మీద ఇలాంటి ప్రయోగమే చేశారు. మార్కెట్ ప్యాడ్లలోని పత్తి కంటే ఎక్కువ తడి పీల్చే మెత్తటి పదార్థాన్ని సాధించారు. పైగా ఆ పద్ధతి చిన్న యూనిట్లలోనూ అమలు చేయదగ్గదని చెప్పారు.

అయితే ప్యాకెట్ మీద 'బయోడిగ్రేడబుల్' అన్న మాట చూసి సంతృప్తి పడకూడదు. జన ఔషధి కేంద్రాల్లో 2019 నుంచి రూపాయికే దొరుకుతున్న 'సువిధ' ప్యాడ్ పేద మహిళలకు నిజంగా మేలు చేసింది. కానీ దాన్ని 'ఆక్సో బయోడిగ్రేడబుల్' అంటున్నారు. ఆక్సో అంటే ప్లాస్టిక్ త్వరగా చిన్న ముక్కలయ్యేలా రసాయనం కలపడం. ఆ ముక్కలు మట్టిలో మిగిలిపోతాయన్న భయంతోనే యూరోపియన్ యూనియన్ 2021లో అలాంటి ప్లాస్టిక్ వస్తువులను నిషేధించింది. లోపల అరటి నార పెట్టి అడుగున పాలిథిన్ అంటించినా అది సగం పనే.

అందుకే మార్పు టెండరు పత్రంలో మొదలవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో మొదలైన 'స్వేచ్ఛ' కార్యక్రమం ప్రభుత్వ పాఠశాలల్లో 7 నుంచి 12 తరగతుల అమ్మాయిలకు నెలకు 10 నాప్కిన్లు ఉచితంగా ఇవ్వడానికి ఉద్దేశించినది. అంత పెద్ద కొనుగోలుదారు షరతు పెడితే తయారీదారు వినక తప్పదు. ప్రతి పొర దేనితో చేశారో రాయాలి, కంపోస్టు పరీక్ష నెగ్గాలి, పీల్చుకునే శక్తిలో రాజీ ఉండకూడదు. లీకయ్యే ప్యాడ్ పర్యావరణానికి ఎంత మంచిదైనా అమ్మాయిలకు అక్కర్లేదు. నార తీసే యంత్రాలు తోటలకు దగ్గర్లో మహిళా సంఘాల చేతికి ఇవ్వాలి.

పారేసే పద్ధతీ మారాలి. పాలిథిన్‌కు బదులు పిండిపదార్థంతో చేసిన అడుగుపొర కంపోస్టు వేడిలో కుళ్లిపోతుంది, డంపింగ్ యార్డులో కలిపి పడేస్తే అంత తేలిగ్గా కుళ్లదు. వాడిన ప్యాడ్లు చుట్టి పడేయడానికి తయారీ సంస్థలు కవరు ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. అది సరిగ్గా అమలైనా పారిశుద్ధ్య కార్మికులు వాటిని ఒట్టి చేతులతో ఏరే దుస్థితి కొంత తగ్గుతుంది.

వచ్చే విద్యా సంవత్సరం కొనుగోళ్లలో పదో వంతు మొక్కల నార ప్యాడ్లకు కేటాయించవచ్చు. కోనసీమ, కడప, అనంతపురం హాస్టళ్లతో మొదలుపెట్టి, ఏడాదిపాటు వాడిన అమ్మాయిలు ఏం చెబుతారో విన్నాకే తర్వాతి టెండరు రాయాలి.